గంగుబాయికి రాసిన మాటలు

శ్రీరాంపూర్,
9 జూన్ 2025, సోమవారం.

చి. రేవతికి ఆశీస్సులు.

ఇవాళ తొమ్మిదో తేదీ. ఫిబ్రవరి తొమ్మిదిన మీ సంపత్ కాకకు ఫేస్‌బుక్‌లో నా సొంత పేరుతో, నా సొంత ఫొటోతో ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపాను. నేటికి నూట ఇరవై రోజులు. ఒప్పుకోలేదు, వద్దనీ అనలేదు. అందుకే ఇప్పుడు నీకు రాస్తున్నాను.

ఫోన్ చేయవచ్చు కదా అంటావు. మన ఇంటి గోడలు పలుచన. సంపత్ పేరు ఎత్తితే మీ బాపు అన్నం ముందు నుంచి లేచిపోతాడు. మెసేజ్ పెట్టవచ్చు కదా అంటావు. రాసి తుడిచేసే అలవాటు నాకు లేదు.

జరిగింది నీకు సగమే తెలుసు, అప్పటికి నీకు పదిహేనేళ్లు. 2018లో మీ తాత గట్టయ్య గనిలో పనికి పనికిరారని డాక్టర్లు రాశారు. అలాంటప్పుడు ఆ ఉద్యోగం ఒక్క బిడ్డకే వస్తుంది. మిగిలినవాళ్లు మాకు అభ్యంతరం లేదని సంతకం చేయాలి. మీ బాపుకు పెళ్లై ఇద్దరు పిల్లలు, కాబట్టి నేను ఓంప్రకాశ్ పేరే రాయించాను. సంపత్ సంతకం చేశాడు. పదకొండో రోజున ఇల్లు విడిచి వెళ్లాడు. ఆ తరువాత దుబాయ్‌లో ఉన్నాడని వాడి ఫేస్‌బుక్ చెప్తోంది. ఫోన్ నంబరు ఎవరి దగ్గరా లేదు.

ఇప్పుడు మన ఇంటి పట్టా కాగితాల మీద ఇద్దరు కొడుకుల సంతకాలూ కావాలంటున్నారు. నాకు కావలసింది ఆ సంతకం. అంతకు మించి ఏమీ ఊహించుకోకు.

వాడు ఒప్పుకునే పేరుతో ఒక ఖాతా తెరిచి పెట్టు. అది అబద్ధమని నాకు తెలుసు. ముప్పై ఒక్క సంవత్సరాలు పిల్లల చేత అబద్ధం ఆడరాదని పలక మీద రాయించినదాన్ని, నువ్వు గుర్తు చేయనక్కరలేదు.

వాడి పేజీలో నూట నలభై మూడు ఫొటోలున్నాయి. అరవై ఒక్క ఫొటోల్లో నల్ల కళ్లద్దాలు. నాలుగు కార్లు, నాలుగూ వేరువేరు. ఒక్క ఫొటోలోనూ అన్నం తింటూ లేడు.

ఇంకొక మాట. మే 28న నీ స్టేటస్‌లో పెద్ద హోటల్ భోజనం పెట్టావు. అదే రోజు మీ అమ్మకు ఫోన్‌లో అన్నం, మామిడికాయ తొక్కు తిన్నానని చెప్పావు. రెండింటిలో ఏది నిజమో తెలియజెయ్యి.

నీ నానమ్మ,
సరోజన

◆

ఆదిలాబాద్,
16 జూన్ 2025.

నానమ్మకు,

నీ ఉత్తరం పదమూడున అందింది. పోస్ట్‌మ్యాన్ నాలుగిళ్లు అడిగి వచ్చి, ‘గీ కాలంల ఉత్తరాలు రాసెటోళ్లు ఎవలమ్మా?’ అని చేతికిచ్చాడు. మా ల్యాబ్‌లో అందరూ ప్రేమలేఖ అనుకున్నారు. రక్తం తీయించుకోవడానికి వచ్చిన ముసలాయన కూడా ‘ముందు గది చదువు బిడ్డా, నా రక్తం యాడికి పోతది’ అన్నాడు.

తొక్కు నిజం. హోటల్ భోజనం నా ఫ్రెండ్ మమతారాణి ప్లేటు.

పని పూర్తయింది. నేను అద్దెకుండే గది కింద మా ఇంటామె గంగుబాయి జొన్నరొట్టెల దుకాణం నడుపుతుంది. అరవై దాటింది, నిండుగా నవ్వుతుంది. ‘నీ ఫొటో ఒకటి పెట్టుకుంటనమ్మా’ అంటే, ‘పెట్టుకో పోరీ, నాకేమన్న పెండ్లి సంబంధం చెడిపోతదా?’ అంది. ఎందుకని అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ ఫొటోతో ‘గంగుబాయి, ఆదిలాబాద్’ అని ఖాతా తెరిచి కాకకు రిక్వెస్ట్ పంపాను. రెండు గంటల్లో ఒప్పుకున్నాడు నానమ్మా! పాస్‌వర్డ్ వేరే చీటీ మీద రాశాను.

నిన్ను ఒకటి అడగవచ్చా? ఏడేళ్ల తరువాత కాక నీకు గుర్తొచ్చింది మళ్లీ ఒక సంతకం కోసమేనా? కోపం తెచ్చుకోకు.

రేవతి

◆

శ్రీరాంపూర్,
7 జూలై 2025, సోమవారం.

చి. రేవతికి ఆశీస్సులు.

నీ ఉత్తరం జూన్ 20న అందింది. కోపం రాలేదు. సంతకం కోసమే.

జూన్ 21 నుంచి నేటి వరకు పదిహేడు రోజుల్లో పద్నాలుగు రోజులు వాడితో గంగుబాయి మాట్లాడింది. ‘మాట్లాడింది’ అని కావాలనే రాస్తున్నాను, ఎందుకంటే నేనైతే అలా మాట్లాడను. మొదటి రోజే వాడు ‘మీరెవరు?’ అని అడిగాడు. ‘రొట్టెలు చేసే ముసల్దాన్ని బిడ్డా, నీ దోస్తులల్ల ముసలోల్లు ఒక్కలు గుడ లేరు, జర నన్ను ఏసుకో’ అని రాశాను. అది నా చేతి రాతేనా అని రెండుసార్లు చదువుకున్నాను. వాడు నవ్వే బొమ్మలు మూడు పెట్టి, ‘సరే మౌశీ’ అన్నాడు. అప్పటి నుంచి మౌశీ, అంటే పిన్ని, అనే పిలుస్తున్నాడు.

ఒకరోజు చెప్పినదానికీ మరొకరోజు చెప్పినదానికీ తేడా రాకూడదు కాబట్టి గంగుబాయి కోసం ఒక నోట్‌బుక్ పెట్టాను. అందులో ఇప్పటివరకు ఉన్నవి: భర్త పోయి పదకొండేళ్లు, ఇద్దరు ఆడపిల్లలు, కొడుకులు లేరు, చక్కెర లేని చాయ్, కుడి మోకాలు నొప్పి. మోకాలు ఒక్కటే నాది, మిగిలినవి కల్పితం.

వాడు నాకు ఏడేళ్లలో ఒక్క అక్షరం రాయలేదు. గంగుబాయికి మొన్న ఒక్క పూటలో నలభై రెండు మాటలు రాశాడు. అందులో ఒకటి, ‘మౌశీ, నువ్వు అన్నం తిన్నవా అని ఒక్కసారి అడిగినంక మల్ల అడగవు. నాకు గదే నచ్చుతది’ అని. నేను వాడిని రోజుకు మూడుసార్లు అడిగేదాన్ని. తిన్నావా అని కాదు, చదివావా అని.

గంగుబాయి మీద నాకు చికాకుగా ఉంది. ఎవరో తెలియని మనిషి, చదువూ సంధ్యా లేని మనిషి, అంత తేలికగా ఎలా మాట్లాడుతుంది?

సంతకం సంగతి ఇంకా ఎత్తలేదు. సమయం చూసి ఎత్తుతాను.

సరోజన

◆

ఆదిలాబాద్,
15 జూలై 2025.

నానమ్మకు,

నీ ఉత్తరం చదివి నవ్వాను, తరువాత నవ్వలేకపోయాను. నాకు పదో తరగతిలో గణితంలో తొంభై ఆరు వచ్చినప్పుడు నువ్వు అడిగింది ‘ఆ నాలుగు ఎక్కడ పోయినయి?’ అని. గంగుబాయిలాగ ఒక్కరోజు నాతో మాట్లాడి ఉంటే బాగుండేది. ఆ పదిహేడు రోజుల గంగుబాయి నీ లోపల ఎక్కడ దాక్కుంది ఇన్నాళ్లూ?

నాకు భయంగా ఉంది. కాక ఆమెను నిజంగా నమ్ముతున్నాడు. రేపు నువ్వు ‘ఫలానా కాగితం మీద సంతకం పెట్టు’ అని రాస్తే ఏమవుతాడు? ఒకసారి కన్నతల్లి పెట్టించుకుంది, రెండోసారి మౌశీ పెట్టించుకుంది అనుకోడా? నేను చేసి పెట్టిన ఖాతా కాబట్టి ఆ పాపంలో నాకూ సగం వస్తుంది.

కింద అసలు గంగుబాయి ఇవాళ ఇరవై కిలోల జొన్నపిండి బస్తా భుజాన వేసుకొని మెట్లెక్కింది. ఆమె మోకాళ్లు నీకంటే, నాకంటే గట్టివి. నోట్‌బుక్‌లో ఇది కూడా రాసుకో.

రేవతి

◆

శ్రీరాంపూర్,
18 ఆగస్టు 2025, సోమవారం.

చి. రేవతికి ఆశీస్సులు.

ఆలస్యానికి కారణం ఉంది. ఆగస్టు 2న వాడు గంగుబాయికి రాసినది చదివాక పదిహేను రోజులు నేను కలం పట్టలేదు.

వాడు దుబాయ్‌లో లేడు. ఎప్పుడూ లేడు. మహారాష్ట్రలో, బల్లార్షాలో ఉన్నాడు. మంచిర్యాలలో బండెక్కితే మూడు గంటలు పట్టని చోట, ఏడేళ్లుగా, ఒక కాంట్రాక్టరు కింద బొగ్గు లారీ నడుపుతున్నాడు. ఆ కార్లు, ఆ మేడలు ఎక్కడెక్కడివో తీసి పెట్టుకున్నాడట. ఇంటి దగ్గర ఉద్యోగం దొరకనివాడు అంతకంటే పెద్దది సంపాదించాడని ఊరు అనుకోవాలి, అంతే. మొదటి ఫొటో పెట్టినప్పుడు మన కాలనీ నుంచే రెండు వందల మంది శభాష్ అన్నారు. ఆ తరువాత దిగడానికి మెట్లు లేవన్నాడు.

మీ తాత పోయిన రోజు సంగతి గంగుబాయి అడగలేదు, వాడే చెప్పాడు. నేను ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను.

‘బాపు పోయిండని పొద్దుగాల ఎవలో ఫేస్‌బుక్కుల పెట్టిన్రు మౌశీ. ఉరికి బండెక్కిన. మంచిర్యాల స్టేషన్ల దిగిన. ఆటో గుడ మాట్లాడిన. అప్పుడు యాదికొచ్చింది, దుబాయ్‌ల ఉన్నోడు నాలుగు గంటలల్ల ఎట్లొస్తడు? మా అవ్వ హెడ్‌మిస్ట్రెస్. ఏ విమానం, ఎన్ని గంటలకు, టికెట్ ఏది అని అడుగుతది. శవం ముంగట గుడ అడుగుతది. తిరుగు బండెక్కిన.’

ఆ రోజు నేను ఏం చేశానో నీకు గుర్తుందా? వచ్చినవాళ్ల పేర్లు రాయించాను. నూట పన్నెండు మంది. సంపత్ పేరు ఎదుట ‘రాలేదు’ అని నా చేత్తో రాశాను. స్టేషన్ మన ఇంటికి ఎంత దూరం?

గంగుబాయి వాడికి ఏం జవాబిచ్చిందో రాయను. మంచి జవాబే ఇచ్చింది.

వాడు దుకాణం ఎక్కడ అని అడిగాడు. తప్పు చిరునామా ఇవ్వడం నాకు చేతకాలేదు. వీధి పేరు, మలుపు, ఎడమవైపు నుంచి ఎన్నో గుమ్మమో అన్నీ సరిగ్గా రాసి పంపాను. పంపాక గాని నేను చేసింది తెలియలేదు. వస్తానని వాడు చెప్పలేదు. ఒకవేళ వస్తే, నా అనుమతి లేకుండా నువ్వు ఒక్క మాట కూడా అనవద్దు. సంతకం సంగతి నేనే చూసుకుంటాను.

సరోజన

◆

ఆదిలాబాద్,
25 ఆగస్టు 2025.

నానమ్మకు,

కాక వచ్చాడు.

నీ ఉత్తరం శనివారం అందింది. నిన్న, ఆదివారం, పదకొండు గంటలకు చంద్రపూర్ బస్సు దిగి వచ్చాడు. నేను పైన బట్టలు ఆరేస్తున్నాను. కింద మాటలు వినిపించి మెట్ల మీదికి వచ్చాను. సన్నగా అయ్యాడు. కళ్లద్దాలు లేవు. ఇస్త్రీ చొక్కా. చేతిలో మందుల దుకాణం కవరు.

‘మౌశీ, నేను సంపత్‌ను’ అన్నాడు.

గంగుబాయి పెనం మీది నుంచి తల ఎత్తలేదు. ‘ఏ సంపత్ రే? పాలాయన కొడుకువా?’

‘కాదు మౌశీ. దినాం రాసుకుంటం గద. నీ మోకాలు నొప్పికి పట్టీ తెచ్చిన.’

‘అరే దేవా! నా మోకాలుకేమైంది? మంచిగున్న మోకాలుకు పట్టీ కడ్తవా?’

‘ఫోన్ల రాస్తవు గద నాకు…’

‘నేను రాసుడా?’ అని ఆమె పిండి అంటిన బొటనవేలు పైకెత్తి చూపించింది. ‘గిదే బాబా నా సంతకం. నాకు అ ఆలు రావు.’

రొట్టెలు తింటున్నవాళ్లు నవ్వారు. ఒకడు ‘అన్నా, ఫేస్‌బుక్కుల పడుసుపోరి అనుకొని వచ్చినవా ఏంది? చూసుకోవద్దా జర!’ అన్నాడు. కాక కూడా నవ్వాడు నానమ్మా. అందరికంటే గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే తల ఎత్తి మెట్ల మీద నన్ను చూశాడు. నేను ఎవరో కాకకు తెలియలేదు. ఆయన ఎవరో నాకు తెలుసు. ఒక్క మాట చాలు. ‘కాకా’ అంటే చాలు.

అనలేదు. నువ్వు వద్దన్నావని కాదు. నీ మాట నేను ఇంతకుముందు తప్పలేదా? నేను ఆ మాట అంటే కాక మన ఇంటికి వస్తాడు, నువ్వు కాగితం ముందు పెడతావు, సంతకం చేస్తాడు, మళ్లీ వెళ్లిపోతాడు. కనీసం ఈసారి ఆ సంతకం తప్పిద్దామనుకున్నాను. కాకను నీ నుంచి కాపాడుతున్నాననే అనుకున్నాను.

రెండు రొట్టెలు తిన్నాడు. వెళ్తూ కవరు బల్ల మీద పెట్టి, ‘గీడికి మోకాలు నొప్పున్నోల్లు ఎవలన్న వస్తె ఇయ్యి’ అన్నాడు. గంగుబాయి ‘పాగల్ పోరడు, గని మంచోడు’ అని చాలాసేపు వీధి వైపు చూసింది. సాయంత్రానికి కాక ఖాతా లేదు. దుబాయ్ ఫొటోలు, గంగుబాయితో మాటలు, ఏమీ కనిపించడం లేదు.

పట్టీ ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఎవరి మోకాలికో మన ఇద్దరికే తెలుసు.

నేను తప్పు చేశానా? చెప్పు. నాలుగు మార్కులు ఎక్కడ పోయాయో అడిగినట్టు అడుగు.

రేవతి

◆

శ్రీరాంపూర్,
1 సెప్టెంబరు 2025, సోమవారం.

రేవతీ, తల్లీ,

నీ ఉత్తరం 29న అందింది. అది చేరేలోపే వాడి పేజీ తెరుచుకోవడం మానేసింది. నా ట్యాబ్ చెడిందనుకొని రెండుసార్లు ఆపి మళ్లీ వేశాను.

నీ తప్పు లేదు. ఆ సంతకం అనే మాటే లేదు. పట్టా కాగితాల మీద నా ఒక్కదాని సంతకం చాలు, అది నేను ఏప్రిల్‌లోనే చేసి ఇచ్చాను. కొడుకును చూడాలనుంది అని మనవరాలికి రాయడానికి సిగ్గేసి, కాగితం పని ఉందని రాశాను. కాగితం పని ఉంటే సరోజన ఎవరినైనా వెతుకుతుంది, అందరూ నమ్ముతారు. నువ్వూ నమ్మావు. నమ్మి నోరు మూసుకున్నావు. వాడికి గంగుబాయిగా కనిపించాను, నీకు కాగితాల మనిషిగా కనిపించాను. వాడు దుబాయ్ పెట్టుకున్నాడని నేను ఏ ముఖంతో తప్పు పట్టను?

2018లో సంతకం చేసే ముందు వాడు నన్ను ఒకటి అడిగాడు. ‘అవ్వా, నాకేం కావాల్నో నన్నొకసారి అడుగవా?’ అని. ‘ముందు సంతకం చెయ్యి, మాట్లాడేది తరువాత’ అన్నాను. పదకొండు రోజులు వాడు ఇంట్లోనే ఉన్నాడు. నేను అడగలేదు. ఉద్యోగం ఎవరికి ఇవ్వాలన్న నిర్ణయం ఇప్పటికీ సరైనదేనంటాను. అడగకపోవడం మాత్రం సరైనది కాదు. జూలై 26న గంగుబాయి అడిగింది, ‘నీకేం కావాల్రా బిడ్డా?’ అని. వాడు ‘ఇప్పుడేం లేదు మౌశీ, గట్ల అడిగితె చాలు’ అని రాశాడు.

నిన్న మీ బాపుకు అంతా చెప్పాను. అన్నం ముందు నుంచి లేచిపోతాడని ముందే తిననిచ్చి చెప్పాను.

‘వాడు బల్లార్షాల ఉన్నడా? నేను దుబాయ్‌ల ఐష్ చేస్తుండని ఏడేండ్లు కండ్లల్ల నిప్పులు పోసుకున్న గదనే అవ్వా’ అన్నాడు. ‘నా పేరు తీయంగనే నన్ను తిడ్తుండెనా?’ అన్నాడు. తిట్టలేదని చెప్పాను. ఒక్కసారి కూడా తిట్టలేదు, నోట్‌బుక్ మొత్తం వెతికి చూశాను. ‘డ్యూటీ మార్చుకొని నేనొస్త పా’ అన్నాడు. ఇప్పుడే వద్దన్నాను.

వాడి ఇల్లు ఎక్కడో నాకు తెలియదు. గంగుబాయికి చెప్పిన ఒక మాట మాత్రం ఉంది. సెలవు దొరికిన ఆదివారం బల్లార్షా స్టేషన్‌లో కూర్చుంటాడట. సిర్పూరు వైపు నుంచి వచ్చే బండ్లలో మన మాట వినిపిస్తుందని. ‘ఎవలో ఒకలు పిల్లను తిడ్తుంటరు, ఎవలో చాయ్ కావాల్నా అంటరు. గంతే మౌశీ. విని పోత’ అన్నాడు.

పట్టీ సరిగ్గా సరిపోయింది.

నీ తొంభై ఆరుకు ఆ రోజు ఇవ్వవలసిన జవాబు ఇప్పుడు ఇస్తున్నాను. చాలా సంతోషించాను. పక్కింటి నసీమాకు ఆ రోజే చెప్పాను, నీకే చెప్పలేదు.

నీ నానమ్మ

ఇక జరగవలసినవి:

1. ఈ ఉత్తరం అందిన రోజే గంగుబాయికి అంతా చెప్పు. ఆమె ముఖాన్ని, పేరును ఎందుకు వాడుకున్నామో దాచవద్దు. క్షమాపణ నేను స్వయంగా వచ్చి అడుగుతాను.

2. ఆ ఖాతా మూసెయ్యి. వాడు రాసిన ప్రతి మాటా తేదీతో సహా నా నోట్‌బుక్‌లో ఎక్కించి ఉంది, ఏదీ పోదు.

3. సెప్టెంబరు 14, ఆదివారం, ఉదయం బండికి మంచిర్యాలలో నేనొక్కదాన్నే ఎక్కుతాను. నువ్వు రావద్దు, మీ బాపు రావద్దు. ముగ్గురం కనిపిస్తే పంచాయితీ పెట్టడానికి వచ్చామనుకుంటాడు.

4. బల్లార్షాలో చాయ్ కొట్టుకు దగ్గరగా ఉన్న బెంచీ మీద కూర్చుంటాను. పక్కన ఎవరు కూర్చున్నా గట్టిగా మాట్లాడతాను. మన మాటే మాట్లాడతాను, బడి మాట కాదు. ఇవాళ్టి నుంచి అలవాటు చేసుకుంటున్నాను.

5. వాడు వస్తే మొదటి మాట వాడిదే. ఏ సంవత్సరం, ఎన్ని గంటలకు, ఎందుకు అన్న ప్రశ్నలు నేను వేయను. గంగుబాయి ఎవరని అడిగితే నేనేనని చెప్తాను.

6. నవ్వితే నవ్వనిస్తాను. లేచి వెళ్లిపోతే వెళ్లనిస్తాను. వెనుక నుంచి పిలవను.

7. వాడు రాకపోతే సాయంత్రం బండికి తిరిగి వస్తాను. తరువాతి ఆదివారం మూడో అంశం నుంచి మళ్లీ మొదలు. ఎన్ని ఆదివారాలో లెక్క రాయను.